పడవపాక గోడ మీది తలలు

మా సరస్సు ఒడ్డున ఎన్ని పడవపాకలున్నాయో, అన్నిటి గోడల మీదా హౌకి తలలు మేకులతో కొట్టి ఉంటాయి. నోళ్లు బార్లా తెరుచుకుని, పళ్లు బయటపెట్టి, ఎండకు ఎండి వానకు నాని, వచ్చేపోయేవాళ్లను కరుస్తామన్నట్టు చూస్తుంటాయి. వాటన్నిటిలోకీ పెద్ద తల నా స్నేహితుడు తావెత్తి పాక మీద ఉంది. ఆ చేపను పట్టింది నేను. ఒంటిచేత్తో. పదిహేడు కిలోలు తూగింది. చలికి గడ్డకట్టిన సరస్సు మీద మంచుపలకకు కొట్టిన కన్నం చాలక, ఒక చేత్తో వల పట్టుకుని రెండో చేత్తో గడ్డపార తీసుకుని అంచులు చెక్కుకుంటూ లాగాను. కాదని ఎవరైనా రుజువు చేస్తే సగం మీసం గొరిగించుకుంటాను.

హౌకి అంటే మొసలి మూతి పెట్టుకు పుట్టిన చేప. తనకంటే చిన్నదేదైనా దానికి భోజనమే. ముయిక్కులనే వేలెడంత వెండిచేపల్ని మింగుతుంది, బాతుపిల్లల్ని మింగుతుంది, ఆకలేస్తే సొంత పిల్లల్నీ వదలదు. అలా మింగుతూ ఏళ్లకేళ్లు బతుకుతుంది. ఎంత ముసలిదైతే అంత గొప్ప మాకు.

తావెత్తి ఇంట్లో ఈ గొప్ప ఇంకొంచెం ముదిరింది. కోడలు నీళ్లోసుకుందంటే మామ పెద్ద హౌకిని పట్టి తేవాలి. దాని మాంసం కడుపుతో ఉన్న పిల్ల తినాలి. తల పాక గోడకెక్కాలి. బిడ్డ పుట్టాక కాల్చిన ఇనప చువ్వతో ఆ తల కింద పేరు రాయాలి. తావెత్తి పేరు మీద ఒక తల ఉంది, వాడి అక్క పేరు మీద ఒకటి, కొడుకు తూరె పేరు మీద ఒకటి. తూరె పక్కన గోడ ఖాళీగా ఉంది. కొడుకు పెళ్లయిన నాటి నుంచి తావెత్తి ఆ ఖాళీ వంక చూసి గొంతు సవరించుకుంటూ వచ్చాడు. చలికాలం మధ్యలో కోడలు సైల తను కడుపుతో ఉన్న సంగతి చెప్పగానే నా దగ్గరికి పరుగున వచ్చి, "ఒరేయ్ ఆర్మస్, వలలు బాగుచేయాలిరా" అన్నాడు. మనవడో మనవరాలో రాబోతున్నారన్న మాట ఆ తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి చెప్పాడు.

చేప పడ్డది వసంతం మొదట్లో, మంచుపలక ఇంకా బండి మోసేంత గట్టిగా ఉన్న రోజుల్లో. దాన్ని తోపుడుబండి మీద పడుకోబెట్టి, పైన గోనెసంచి కప్పి, శవాన్ని తెచ్చినంత మర్యాదగా ఇంటికి తెచ్చాం. ముంగిట్లో ఒక చిన్న కారు ఆగి ఉంది. గర్భిణులను చూసే నర్సు అన్నెలి అప్పుడే లోపలి నుంచి వస్తోంది. వెనక సైల గుమ్మంలో నిలబడి ఉంది. ఆరో నెల. బడిలో వంటచేసే పిల్ల కాబట్టి చేతులెప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఆ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది.

తావెత్తి గోనె తీశాడు. మెచ్చుకోలు కోసం ఎదురుచూసేటప్పుడు మా వాళ్లు ఆకాశం వంక చూస్తారు. వాడూ ఆకాశం వంక చూశాడు.

"అబ్బ, భలే చేప!" అంది అన్నెలి. "కానీ తావెత్తి గారూ, ఈ అమ్మాయికి మాత్రం పెట్టకండి."

"ఏం, చేపకి జలుబు చేసిందా?"

"దాని కండలో పాదరసం ఉంటుందండీ. కడుపులో బిడ్డ మెదడుకు మంచిది కాదు. కడుపుతో ఉన్నంతకాలం, పాలిచ్చినంతకాలం హౌకి జోలికి పోవద్దని ఇప్పుడే చెప్పి వస్తున్నా."

తావెత్తి ముఖం చూడాలి. వాడి సరస్సును తిట్టడమంటే చచ్చిపోయిన వాళ్లమ్మను తిట్టడమే.

"ఈ సరస్సు నీళ్లు నేను బొక్కెనతో ముంచుకుని తాగుతాను."

"నేనూ తాగుతాను. నీళ్లతో ఏం కాదు. ఆ పాదరసం ఎక్కడెక్కడి పొగలోంచో గాలిలో కలిసి వచ్చి, మన బురదనేలల్లో దిగుతుంది. కాలవలు తవ్వితే అక్కడి నల్లనీళ్లతో సరస్సులోకొస్తుంది. నాచు దగ్గర్నుంచి పురుగులోకి, పురుగు నుంచి చిన్నచేపలోకి. చిన్నదాంట్లో రవ్వంతే. ఇది ఇన్నేళ్లుగా అలాంటివెన్ని మింగి ఉంటుంది చెప్పండి. తిన్నదంతా దాచుకుంటుంది."

"ఉప్పులో ఊరేస్తే?"

"పోదు."

"పొగబెడితే?"

"పోదండీ."

"తోలు తీసేసి, కొవ్వు గీకేసి?"

"కొవ్వులో ఉంటేగా గీకడానికి? కండలోనే ఉంటుంది."

"నేను కడుపులో ఉండగా మా అమ్మ తిన్నది. నాకేమయింది?"

అన్నెలి నా వైపు చూసింది. నేనూ ఆకాశం వంక చూశాను. ఆ ప్రశ్నకు నా దగ్గర చాలా జవాబులుండేవి.

"అయితే చేప మానెయ్యమంటావ్ పిల్లని."

"ఎవరన్నారు? చేప తినాలి, వారానికి రెండుసార్లు తినాలి. ముయిక్కులు పెట్టండి, ఎన్నయినా పెట్టండి. వద్దన్నది ఈ పెద్ద పళ్లవాడినే." కారు తలుపు తీస్తూ ఆగి, "మీ ఇద్దరూ కూడా రోజూ దీన్నే తినకండి. ఎప్పుడో ఒకసారయితే పర్లేదు" అంది.

ఆమె వెళ్లిపోయాక సైల మెట్టు దిగి వచ్చి, "మావయ్యా, చేప మాత్రం చాలా అందంగా ఉంది" అంది. తావెత్తి గోనె మళ్లీ కప్పేశాడు.

ఆ మర్నాటి నుంచి వాడికి కుదురు లేదు. పొద్దున్నే మా ఇంటికొచ్చి బల్ల ముందు కూచునేవాడు. కాఫీ పోసేలోగా లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. గుక్క తాగి, కప్పు కిటికీలోనే పెట్టి, "పోనీ వలలు చూద్దాం పద" అనేవాడు. వలలు నిన్ననేగా చూశాం అంటే, "నిన్న చూసినవి నిన్నటివి" అనేవాడు.

మంచు కింద వల తీయడానికి ఇద్దరు కావాలి. ఒక కన్నం దగ్గర ఒకడు వల లాగుతుంటే, దూరంగా రెండో కన్నం దగ్గర ఇంకొకడు తాడు వదులుతూ ఉండాలి. లేకపోతే వలను మళ్లీ కిందికి లాక్కోవడం కుదరదు. కన్నం మీద రాత్రి పేరుకున్న పొరను గడ్డపారతో పగలగొట్టి, ముక్కల్ని చిల్లుల గరిటెతో తోడెయ్యాలి. అందుకని మా స్నేహమంతా అరుపుల మీదే నడిచింది. మాటలన్నీ మంచు మీద అవతలికీ ఇవతలికీ జారుతూ పోతాయి. ఊళ్లో సగం మందికి మా ఇంటి సంగతులు అలాగే తెలుస్తాయి.

"ఏరా ఆర్మస్!" అని అరిచాడు ఆ రోజు. "పైన బురదనేలలో కాలవలు తవ్విందెవరు?"

"నువ్వే."

"నేనొక్కడినేనా?"

"ఇంకా చాలామంది. కానీ అందరికంటే లోతుగా తవ్వానని నువ్వే చెప్పుకునేవాడివి."

వల మీది నీళ్లు గడ్డకడుతూ చిటపటలాడడం వినిపిస్తోంది. కుర్రతనంలో ఆ నేల ఎండితే పైన్ చెట్లు బాగా పెరుగుతాయని చెప్పి పని ఇచ్చారు. నడుం లోతు బురదలో నిలబడి తవ్వాడు. చెట్లు నిజంగానే పెరిగాయి. వాటితో కట్టిందే ఇప్పుడు సైల, తూరె ఉంటున్న ఇల్లు, అదే ముంగిట్లో ఎదురిల్లు.

"ఆ నీళ్లు నల్లగానే వచ్చేవిరా" అన్నాడు, ఈసారి అరవకుండా. గాలి అటునుంచి ఉండబట్టి వినిపించింది. ఆ వలలో ఒక చిన్న హౌకి పడింది. దాన్ని విప్పి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ కన్నంలోకి వదిలేశాడు. వాడు చేపను నీళ్లలోకి వదలడం నేనదే మొదటిసారి చూడటం.

ఇంటికొచ్చి మారిపోయాడు. మనసు కుదుటపడిందనుకున్నాను. కాదు, ఉపాయం తట్టింది.

"ఆర్మస్, చేపరొట్టెలో ముల్లు ఏమవుతుందిరా?"

"కరిగిపోతుంది."

"నడిముల్లు?"

"అదీ కరిగిపోతుంది."

"మరి!" అని తొడ చరుచుకున్నాడు. "ఎముకే కరిగిపోతే పాదరసం ఏపాటిది?"

మా వైపు మనిషికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన ఇది. మా చేపరొట్టె సంగతి అలాంటిది మరి. నల్లరొట్టె పిండిని మందంగా వత్తి, మధ్యలో చేపలు పేర్చి, చేపల మధ్య పందికొవ్వు ముక్కలు పరిచి, అంచులు మూసి, తడిచేత్తో రుద్ది చీలిక లేకుండా చేస్తాం. మొదట మంట మీద పైచెక్కు కాలనిచ్చి, తర్వాత చల్లారుతున్న పొయ్యిలో పొద్దున పెట్టింది సాయంత్రం దాకా వదిలేస్తాం. తీసి చూస్తే ముల్లు వెన్నలా ఉంటుంది. పుట్టినప్పట్నుంచీ ఈ వింత చూస్తున్నవాడికి ఆ పొయ్యి దేన్నయినా కరిగించేస్తుందనిపించడంలో ఆశ్చర్యం లేదు. నాకూ ఒక నిమిషం అలాగే అనిపించింది.

"అన్నెలి పోదందిగా" అన్నాను.

"ఉప్పు గురించి అంది. పొగ గురించి అంది. రొట్టె గురించి నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు."

"సైలకి చెప్తావా?"

"రొట్టె మూసే ఉంటుంది. లోపల ఏ చేపో దానికి నోరుందా చెప్పడానికి?"

"నీకుందిగా."

"నువ్వు పందికొవ్వు తీసుకురా" అన్నాడు. "నీతులు మీ ఇంట్లోనే వదిలిరా. బరువెక్కువైతే మంచు విరుగుతుంది."

శనివారం పొద్దున వాడి వంటింట్లో కూచుని చూశాను. భార్య పోయాక వాడే చేస్తున్నాడు రొట్టె. పిండి పట్టు తెలిసిన చేతులు. ఆ పెద్ద హౌకి కండను కత్తితో వేలెడు వేలెడు ముక్కలుగా కోశాడు. ముయిక్కులంత. పొడవులో, మందంలో కూడా ముయిక్కులంత. ఒక్కో ముక్కనూ తోక వైపు సన్నగా చెక్కుతుంటే నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. వాడు పేర్చిన తీరు, ఉప్పు చల్లిన తీరు, పసిపాపను చుట్టినట్టు పిండి మడతలు మూసిన తీరు చూస్తుంటే, మోసానికి ఇంత ప్రేమ పెట్టేవాణ్ణి ఎక్కడా చూడలేదనిపించింది. పొయ్యి ముందు నుంచి కదల్లేదు. పొయ్యి తలుపు తీయడం, మూయడం, మళ్లీ తీయడం. "తీస్తే వేడి పోతుందిరా" అన్నాను. "లోపల ఏమవుతుందో" అన్నాడు.

సాయంత్రం రొట్టెను ఉన్ని గుడ్డలో చుట్టి, ముంగిలి దాటి కోడలి ఇంటికి తీసుకెళ్లాడు. కొడుకు దుంగల లారీతో ఎక్కడో ఉత్తరాన ఉన్నాడు. నన్నూ రమ్మన్నాడు. సాక్షికో, తోడుకో, అప్పుడు తెలియలేదు.

సైల తలుపు తీసి, వాసన చూసి, కళ్లు మూసుకుంది.

"మావయ్యా! మీరు నా మీద కోపంగా ఉన్నారనుకున్నా. నాలుగు రోజులుగా నా మొహం చూడట్లేదు."

"పనులు" అన్నాడు తావెత్తి.

"కూచో ఆర్మస్ బాబాయ్. నువ్వు వాసనకి వచ్చావా, పిలిస్తే వచ్చావా?"

"వాసనే పిలిచింది" అన్నాను.

బల్ల మీద రొట్టె పెట్టారు. వెన్న పెట్టింది. మూడు పళ్లేలు పెట్టింది. తావెత్తి కత్తి తీసి రొట్టె పైభాగం మూతలా కోశాడు. ఆవిరి లేచింది. లోపల తెల్లగా, మెత్తగా, కొవ్వు మెరుస్తూ, ఏ చేపో చెప్పలేనట్టు కలిసిపోయి ఉంది.

"ముయిక్కులేనా మావయ్యా?" అంది. వెంటనే తనే నవ్వేసింది. "ఛ, మిమ్మల్ని అడుగుతున్నానేంటి! మీరు పెడితే అడగాల్సిన పనేముంది? బడిలో పిల్లలకి వండేది పదిసార్లు చూసుకుంటాను. ఇది చూసుకోనక్కర్లేదు." అని మూత ముక్క విరిచి, వెన్న రాసి, లోపలికి ముంచింది. ఇంకో చెయ్యి పొట్ట మీదుంది. "వీడికి కూడా ఆకలేస్తోంది. తంతున్నాడు."

ముక్క పైకి లేచింది. తావెత్తి చేతిలో కత్తి అలాగే ఉంది. నేను వాడి వంక చూశాను. వాడు ముక్క వంక చూస్తున్నాడు. అది ఆమె గడ్డం దాకా వచ్చింది.

"ఆగు!" అని అరిచాడు, మంచు మీద అరిచినట్టు. "నా పళ్లు!"

"ఏంటి మావయ్యా?"

"కట్టుడు పళ్లు. పిండి పిసుకుతున్నప్పుడు పడిపోయాయి. ఇప్పుడు గుర్తొచ్చింది. లోపలే ఉన్నాయి. పై వరస మొత్తం!" అంటూ ఆమె చేతిలో ముక్క లాక్కుని, రొట్టెను గుడ్డతో సహా చంకలో పెట్టుకుని, టోపీ కూడా మరిచిపోయి బయటికి పరుగెత్తాడు. సైల నా వైపు చూసింది. "కింది వరస కూడా అయ్యుండొచ్చు" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

పడవపాక మెట్ల మీద దొరికాడు. ఒళ్లో రొట్టె, ఇంకా పొగలు కక్కుతోంది.

"తింటావా?" అన్నాడు.

"పాదరసం కరిగిందంటావా?"

"ఏమో. మనిద్దరి బుర్రలూ ఎప్పుడో ఎదగడం మానేశాయి. ఒక్కరోజుకి పర్లేదంది గదా ఆవిడ."

ఇద్దరం తిన్నాం. బాగుంది, అబద్ధమెందుకు. అన్నట్టు అబద్ధమంటే గుర్తొచ్చింది, మొదట్లో ఆ చేప నేనే పట్టానన్నాను. పట్టింది తావెత్తి. నేను రెండో కన్నం దగ్గర తాడు వదులుతున్నాను, అదీ సగం తాడు ముడిపడిపోయి వాడితో తిట్లు తింటూ. బరువు పదిహేడు కిలోలన్నది కూడా కొంచెం ఎక్కువే. అందులో సగం వేసుకోండి, గోనెసంచితో కలిపి. మీసం సంగతంటారా, నాకు మీసమెప్పుడు ఉంది గనుక?

రొట్టె అయిపోయాక తావెత్తి పాక వెనక మంచులో దాచిన తలను తీసుకొచ్చాడు. తూరె పక్కన ఖాళీకి ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. ఆ చోటు వదిలేసి, గోడకు ఆ చివర, పేర్లకు దూరంగా మేకు కొట్టాడు. "ఇది ఎవరిదీ కాదు" అన్నాడు. అదే నేను మొదట చెప్పిన పెద్ద తల. దాని కింద ఇప్పటికీ ఏ పేరూ లేదు.

ఆదివారం మళ్లీ మంచు మీదికి పోయాం. అప్పటికి పలక పైన నీళ్లు నిలిచి, అడుగు వేస్తే మెత్తగా దిగుతోంది. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడూ పోడు. సన్నకన్నుల వల దింపాం, ముయిక్కుల కోసం. తావెత్తి కాళ్ల కింద పలక ఒకసారి మూలిగింది. "నీతులు తెచ్చావురా నువ్వు!" అని అటునుంచి అరిచాడు. ఆ అరుపులో నవ్వు విని నాకు ఊపిరి వచ్చింది. వల తీస్తే చెంచాలు రాలినట్టు రాలాయి, బొక్కెన్లో సగం. వాటిని ఒక్కొక్కటి బొటనవేలితో కడుపు చీల్చి శుభ్రం చేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పెద్ద హౌకిని కొయ్యడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. తావెత్తి విసుక్కోలేదు. మర్నాడు రొట్టె పెట్టాక పొయ్యి తలుపు మాత్రం మళ్లీ మళ్లీ తీశాడు, ఈసారి అలవాటు కొద్దీ.

సైల రెండు ముక్కలు తిని, మూడోది అడిగింది. అడిగినప్పుడు వాడు ఆకాశం వంక చూశాడు. ఇంట్లో ఉన్నాం కాబట్టి పైన దూలం తప్ప ఏమీ కనపడలేదు.

ఎండాకాలం నడిమధ్యలో, సూర్యుడు దిగడం మరిచిపోయే రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. ఇంకెరి అని పేరు పెట్టారు. పేరు పెట్టిన మర్నాడు తావెత్తి నన్ను పాక దగ్గరికి పిలిచి, అరచెయ్యి తెరిచి చూపించాడు. మొదట ఏమీ కనిపించలేదు. కళ్లజోడు సర్దుకుంటే కనిపించింది: ఎండిన ముయిక్కు తల, నా చిటికెనవేలి గోరంత. తూరె పక్కన ఖాళీలో, చెప్పుకు కొట్టే చిన్న మేకుతో, ఊపిరి బిగబట్టి కొట్టాడు. కింద కాల్చిన చువ్వతో పేరు రాశాడు. పేరు తలకంటే పదింతలు పెద్దగా వచ్చింది. ఊళ్లోవాళ్లు చూడ్డానికి వచ్చి, గోడకు ముక్కు ఆనించి, "ఎక్కడ? ఎక్కడ?" అని అడిగేవాళ్లు. "మా సరస్సులో ఇంత చిన్నదాన్ని ఎవడూ పట్టలేదు" అని తావెత్తి గొప్పలు పోయేవాడు.

ఇందులో ఇంకొక్కటి మాత్రం నేను కల్పించాను. తలలు, రొట్టె, కాలవలు, గోరంత ముయిక్కు, అన్నీ నిజం. ఎవరైనా వచ్చి గోడ చూసుకోవచ్చు. కట్టుడు పళ్లు నావి. అంటే నోట్లో ఉన్నవి నావని కాదు, కథలో పెట్టింది నేనని. తావెత్తి పళ్లన్నీ ఇవాళ్టికీ వాడివే, గింజలు కొరుకుతాడు. ఆ సాయంత్రం ముక్క గడ్డం దాకా వచ్చినప్పుడు వాడు అరవలేదు, పరుగెత్తలేదు. కత్తి బల్ల మీద పెట్టాడు. "తినకమ్మా" అన్నాడు. "అందులో హౌకి ఉంది. నీకు చెప్పకుండా నేనే పెట్టాను."

మా వైపు మగాడు ఇంత సూటిగా మాట్లాడాడంటే ఊళ్లో ఒక్కడూ నమ్మడు. అందుకే పళ్లు పెట్టాను, నమ్మేటట్టుండాలని. సైల ముక్కను పళ్లెంలో పెట్టి, వేళ్లకంటిన వెన్న తుడుచుకుంది. చాలాసేపు వాడి మొహంలోకి చూసింది. వాడు ఆకాశం వంక చూడలేదు, ఆమె వంకే చూశాడు.

"మరి ముయిక్కులు ఎప్పుడు తెస్తారు మావయ్యా?" అంది.